లేని బ్రేకు

ఈ నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారు సార్ అని థెరపిస్టు అడిగాడు, అడిగి జవాబు కోసం ఆగలేదు, మోకాలిచిప్పకి నాలుగు వేళ్ళ పైన తొడ కండలోకి బొటనవేలు దించి అక్కడే నిలబెట్టాడు, బల్ల మీద వెల్లకిలా పడుకున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి ప్రశ్న ఎదురవలేదు. మార్కులు వేయడం అతని పని. లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, అద్దం చూడలేదు రెండు, గీత దాటాడు మూడు అని తీసేసుకుంటూ పోయి, చివరికి మిగిలినదాన్నిబట్టి నువ్వు నడపగలవు, నువ్వింకా నేర్చుకో అని తేల్చేవాడు. వేసేవాడు వేరు, వేయించుకునేవాడు వేరు, అది నియమం, ఇక్కడ ఇద్దరూ తనే అయ్యాడు. పైగా దేన్ని పదిగా పెట్టుకోవాలో ఈ మనిషి చెప్పలేదు. పన్ను పీకించుకున్నప్పటిదా, తలుపు సందులో వేలు పడ్డప్పటిదా, ఈ ఉదయం మెట్ల మీద కాలు మడత పడక సగం దారిలో కూలబడ్డప్పటిదా?

"ఆరున్నర."

"అరలు లేవండి."

"మరి ఆరుకీ ఏడుకీ మధ్యనున్నవాడు ఏమైపోవాలి?"

"ఏదో ఒకటి అనేస్తే నేను పని మొదలుపెడతానండి."

ఏడన్నాడు, అన్నాక మనసొప్పలేదు, ఎందుకంటే తను ఎవరికీ ఎన్నడూ అర మార్కు పైకి సర్దలేదు, సొంత పెళ్ళానికి కూడా సర్దలేదు. పెళ్ళాం బయట గదిలో కూర్చుని ఉంది. కారు తాళాలు ఆవిడ దగ్గరున్నాయి, వాటిని వేలికి తగిలించుకుని తిప్పుతున్న గలగల ప్లైవుడ్ గోడ దాటి వినిపిస్తోంది, ఆ గలగల ఆగితే ఆవిడ వెళ్ళిపోయిందనుకోవాలి. పదకొండేళ్ళ కిందట ఆవిడకి పరీక్ష పెట్టి ఫెయిల్ చేసింది తనే. రెండు నెలల కిందట పక్క ఊరి ఆఫీసుకి వెళ్ళి పాసై వచ్చింది, ఎక్కడ నేర్చుకుందో ఎప్పుడు నేర్చుకుందో చెప్పలేదు, రాత్రి అన్నం పెట్టి కంచం పక్కన ఆ కార్డు పెట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ ఆఫీసువాళ్ళు కాస్త మెతకలే అన్నాడు, ఆ మాటతో ఇంట్లో కూర గిన్నెలు కూడా చప్పుడు చేయడం మానేశాయి. అప్పట్నుంచి ఆవిడ కారు తీస్తే అతను బస్సు ఎక్కాడు. ఈ ఉదయం మోకాలు కొయ్యబారింది, అద్దె కార్లకి ఫోన్ చేస్తే ఒకటి రాలేదు, ఒకటి రానంది, ఆవిడ తాళాలు తీసింది. వెనక సీట్లో కాలు బారజాపుకోవాలని వంక పెట్టి వెనక ఎక్కాడు, దారి పొడుగునా కళ్ళు మూసుకున్నాడు. కారు ఆపి, తల తిప్పకుండా, అద్దంలోంచి చూస్తూ చెప్పింది: తిరిగి వెళ్ళేటప్పుడు ముందు కూర్చుంటే తీసుకెళ్తాను, లేదంటే మీ దారి మీది, నేను మీ డ్రైవర్ని కాను. గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే సర్దిచెప్పొచ్చు. గంట వైద్యం, గంట గడువు.

"వదులు చేయండి సార్."

"చేశానుగా."

"లేదండి. తాడులా బిగిసి ఉంది."

వదులు చేయడం ఎలాగో అతనికి తెలీదు, కాలు తనదే, దాన్ని వదిలే తీగ ఎక్కడుందో తెలీదు, కాబట్టి వదులు చేసినవాడి మొహం పెట్టుకుని పడుకున్నాడు. థెరపిస్టుకి నలభై ఉంటాయి, సన్నంగా ఉంటాడు, బొటనవేళ్ళు మాత్రం వేరే మనిషివి తెచ్చుకున్నట్టుంటాయి. నూనె రెండు చుక్కలు వేసుకుని మోకాలి దగ్గర్నుంచి తుంటి వైపుకి అరచేత్తో తోసుకుంటూ వెళ్ళాడు, మళ్ళీ కిందికి వచ్చాడు, తొడ బయటి అంచు వెంబడి పిడికిలి కణుపులతో ఒక గీత గీశాడు, ఆ గీత పొడుగునా ప్రాణం పోయి వచ్చింది. ఎటు మళ్ళుతున్నాడో ముందు చెప్పడు. లోపలి వైపు పోతున్నట్టు పోయి బయటికి తిరుగుతాడు, సూచన ఇవ్వకుండా మలుపు, మూడు మార్కులు. గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉంది, ఆ బొమ్మలో చర్మం లేని మనిషి ఒకడు ఎర్రటి కండలన్నీ చూపించుకుంటూ నవ్వుతున్నాడు, వాడికి నవ్వొచ్చే విషయం ఏముందో, వాడి తొడ మీద నాలుగు బాణాలు గుచ్చి పేర్లు రాశారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసి, ఎముకకి ఏమీ కాలేదు, వయసుకి తగ్గ అరుగుదలే, బిగిసింది కండ, అది నొక్కించుకోండి అని ఇక్కడికి పంపాడు. ఎముకకి ఏమీ కాలేదంటే అతనికి చిన్నతనంగా అనిపించింది. ఆఫీసులో మోకాలు పోయిందని చెప్పుకోవడం వేరు, కండ బిగిసిందని చెప్పుకోవడం వేరు, మొదటిదానికి కుర్చీ వేస్తారు, రెండోదానికి నవ్వుతారు.

ఏం పని చేస్తారు సార్ అని అడిగాడు థెరపిస్టు, మోకాలిచిప్పని రెండు వేళ్ళతో పట్టుకుని డబ్బా మూతలా అటూ ఇటూ జరుపుతూ. చెప్పాడు. రోజుకి ఎన్ని కార్లు? పది, పన్నెండు. అన్నింట్లోనూ పక్క సీటేనా? పక్క సీటే. మరి కుడికాలికి పనేముంది సార్, ఎడమకాలు శుభ్రంగా ఉంది, కుడిది రాయిలా ఉంది, ఇది పెడల్ తొక్కే కాలు కదా. అప్పుడు నవ్వొచ్చింది అతనికి, పని గురించి అడిగితే ఎవరికైనా వస్తుంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో అయితే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకుంటుంది, నేర్పేవాడు తొక్కుతాడు, పరీక్ష మాత్రం ఎవరి సొంత కార్లో వాళ్ళకే, పక్క సీటు కింద చాప తప్ప ఏమీ ఉండదు. ఎదురుగా లారీ, నడిపేది పెళ్ళికి ముందే లైసెన్సు తెచ్చుకోవాలని మూడు రోజులు నేర్చుకుని వచ్చినవాడు, చేతిలో అట్ట, పెన్ను. ఏం చేస్తాం? చాప నొక్కుతాం. నొక్కకూడదని తెలుసు, నొక్కినా ఆగదని తెలుసు, అయినా నొక్కుతాం. చెప్పులు కుట్టేవాడు ప్రతిసారీ అడిగేవాడు, సార్ మీరు కుడికాలు ఒక్కదాంతోనే నడుస్తారా, ఎడమ బూటు అడుగు కొత్తగానే ఉంటోంది అని. వాడికి ఏదో సర్దిచెప్పాడు. చివరికి అడుగున ఇనప నాడాలు కొట్టించుకున్నాడు, అరగకుండా.

థెరపిస్టు నవ్వలేదు. రోజుకి పన్నెండు కార్లు, కారుకి ఎన్నిసార్లు సార్ అన్నాడు. ఎన్నిసార్లని లెక్కెట్టలేదు, అరగంట పరీక్షలో ఇరవై, ముప్పై. ఇరవయ్యారేళ్ళు. సరే అయితే, అన్నాడు థెరపిస్టు, మీ మోకాలికి ఏమీ కాలేదు సార్, మీరు ఇరవయ్యారేళ్ళుగా బ్రేకు మీద నిలబడి ఉన్నారు అంతే, ఇప్పుడు దాన్ని దింపాలి. తర్వాత అరికాలి కింద చెయ్యి పెట్టి, నా చేతి మీద నొక్కండి, కొంచెమే, పూర్తి బలంలో అయిదోవంతు, ఆ తర్వాత నేను చెప్పగానే వదిలేయండి, బిగించి వదిలితే వదలడం ఏమిటో కండకి తెలుస్తుంది అన్నాడు. అయిదోవంతు నొక్కడం అనేది బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎన్నడూ చేసిన పని కాదు. నొక్కాడు. థెరపిస్టు ఒక అడుగు వెనక్కి వెళ్ళాడు. ఇది అయిదోవంతా అండి? అనుకుంటున్నాను. మళ్ళీ మొదటికొచ్చి, తొడ మీద రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి, ఊపిరి వదలండి, అని, ఆ తాడు మీదికి, సరిగ్గా దాని మీదికి, దిగాడు. అక్కడే తగిలింది. కాలికి ఎవరూ చెప్పలేదు, కాలు ఎవర్నీ అడగలేదు, మడమ జారి పాదం సాగి బల్ల చివర ఉన్న ప్లైవుడ్ గోడకి కొట్టుకుంది. ధబ్ మని గది అదిరింది, అవతలి గదిలో మెడనొప్పికి వచ్చినావిడ, రండి, తలుపు తీసే ఉంది, అంది. థెరపిస్టు రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసి నిలబడిపోయాడు.

"ఆపేశారేం?"

"చప్పుడైందిగా సార్."

"అయితే? చప్పుడు చేసింది నేను. చేతులు మీవి. మీ పని మీరు చేసుకోవచ్చుగా."

"పక్కన ధబ్ మంటే ఎవరైనా ఆగిపోతారు సార్. ముందు ఆగి, తర్వాత ఏమిటా అని చూస్తారు. నేను కావాలని ఆగలేదు."

మళ్ళీ చేతులు దించి పనిలో పడ్డాడు, అతనికి అదొక మాట, అయిపోయింది. బల్ల మీదున్నవాడికి అవలేదు. పక్కన ధబ్ మంటే ఎవరైనా ఆగిపోతారు. కారు చాప కింద రేకు ఉంటుంది, రేకు కింద ఖాళీ, ఇనప నాడాల బూటు దాని మీద పడితే ఎలా ఉంటుందో అతను ఎన్నడూ వినలేదు, తన గురక తనకి వినపడనట్టే. విననిదాన్ని ఇప్పుడు వింటున్నాడు, వెనక్కి, ఒక్కొక్క కారే, ధబ్, కారు ఆగింది, ధబ్, కారు ఆగింది. మార్కుల కాగితంలో తొమ్మిదో వరస, కారణం లేకుండా గట్టిగా బ్రేకు వేయుట, ఎనిమిది మార్కులు కోత. చుట్టుపక్కల ఆఫీసులన్నింట్లోకీ ఆ వరసలో తన దగ్గరే ఎక్కువమంది ఫెయిలయ్యేవాళ్ళు, వేరేచోట ఒకరైతే ఇక్కడ ముగ్గురు, పై అధికారి పిలిచి అడిగితే ఛాతీ విరుచుకుని, ఈ ఊళ్ళో వాళ్ళకి బ్రేకు పిచ్చి ఉంది సార్, వేరే ఊళ్ళలో లేదు, నేను గమనిస్తున్నాను అని చెప్పాడు. గమనించినదంతా నాలుగు పేజీలు రాసి పంపమంటే ఆరు పేజీలు పంపాడు. రోడ్ల వంపులు కారణం కావచ్చన్నాడు, వీధికుక్కలు కావచ్చన్నాడు, అయిదో పేజీలో ఊరివాళ్ళ స్వభావంలో ఉన్న తొందరపాటు గురించి ఒక పేరా రాశాడు, అది రాసినప్పుడు తనకే బాగుందనిపించి రెండుసార్లు చదువుకున్నాడు. దాని మీద సర్క్యులర్ వచ్చింది. డ్రైవింగ్ స్కూళ్ళన్నీ బ్రేకు జోలికి పోకుండా బండి నెమ్మది చేయడం అని ప్రత్యేకంగా ఒక వారం పాఠం పెట్టాయి. ఆ పాఠం చదివి వచ్చినవాళ్ళు కూడా అతని పక్కన కూర్చోగానే బ్రేకు వేశారు. చూశారా, ఎంత చెప్పినా మారరు, అని ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు, ఎదురుగా కూర్చుని వింటున్న మనిషి మజ్జిగ పోసింది.

"వదులు, సార్, వదులు. ఇంకా బిగుస్తోంది."

బిగుస్తుంది మరి. బడి పంతులమ్మ మూడుసార్లు వచ్చింది, మూడోసారి కళ్ళనీళ్ళు పెట్టుకుని, సార్ ఎందుకు వేశానో నాకే తెలీదండి అంది, తెలీనప్పుడు వేయకూడదమ్మా అని బుద్ధి చెప్పాడు. రొట్టెల కొట్టాయన నాలుగోసారికి విసుగెత్తి సైకిలు కొనుక్కున్నాడు. ఆసుపత్రి నర్సు ఒకావిడ పరీక్షకి ముందు ఏకంగా నిద్రమాత్ర సగం వేసుకుని వచ్చింది, చెయ్యి వణక్కుండా, ఆవిడ మాత్రం ఏ చప్పుడుకీ ఉలకలేదు పలకలేదు, పాసైపోయింది, ఆ ఏడాదిలో తను చూసిన అందరిలోకీ నిబ్బరంగల డ్రైవరు అని మెచ్చుకున్నాడు. థెరపిస్టు పిక్క వెనక్కి వెళ్ళాడు, మోకాలి మడతలో వేళ్ళు పెట్టి పిండి ముద్దని వేరు చేసినట్టు రెండు కండల్ని వేరు చేశాడు, అక్కడ నొప్పి లేదు, పులకరింపులాంటిదేదో ఉంది, ఆ దారిన ఆలోచన ఎక్కడికి పోకూడదనుకున్నాడో అక్కడికే పోయింది. ఆవిడ పరీక్ష. బంధువులకి వేరే ఇన్‌స్పెక్టరు పెట్టాలి, అప్పట్లో ఆఫీసుకి ఒక్కడే ఇన్‌స్పెక్టరు, రాసి పంపితే కానివ్వండి అని పైనుంచి జవాబొచ్చింది. పరీక్షలో నన్ను సార్ అనాలి అని ముందురోజు రాత్రే చెప్పాడు. అన్నది. సార్, ఎడమకి తిప్పనా సార్. అద్దాలు చూసింది, సూచనలు ఇచ్చింది, వాలులో బండి వెనక్కి జారకుండా ఎక్కించింది, నిజం చెప్పాలంటే మూడో కూడలి దాకా ఒక్క మార్కు పోలేదు, తన పెన్ను మూత కూడా తీయలేదు. కూడలి దగ్గర ఒక కుక్క రోడ్డు పక్కన నిలబడి దాటాలా వద్దా అని చూస్తోంది. అతని కాలు నొక్కింది. ఆవిడ బ్రేకు తొక్కింది. ఇంజను ఆగింది. వెనక వ్యాను హారన్ కొట్టింది. కుక్క వచ్చిన దారినే పోయింది. పెన్ను మూత తీసి తొమ్మిదో వరసలో ఎనిమిది, ఇంజను ఆపినందుకు అయిదు, వెనక వాహనానికి ఇబ్బంది మూడు వేశాడు. ఆవిడ ఏదో అనబోయింది. పరీక్షలో మాట్లాడకూడదు అన్నాడు. అప్పుడావిడ తల దించుకుంది, చాలాసేపు దించుకునే ఉంది. సిగ్గుపడుతోంది పాపం అనుకుని మనసు కరిగింది కూడా, ఇంటికి వెళ్ళాక ఓదార్చాలనుకున్నాడు. సిగ్గు కాదు. బూటు చూసింది. అతని బూటు చాప మీద ఇంకా నొక్కుకునే ఉంది. తర్వాత వారం రోజులపాటు ఇంట్లో, సార్, టీ, సార్, స్నానానికి నీళ్ళు, అని పిలిచింది. సరదాకేమో అనుకున్నాడు.

ఇప్పుడు చెప్పాలా? చెప్పకపోతే ఎవరికీ తెలీదు, థెరపిస్టు సంగతి అర్థం చేసుకునే మనిషి కాదు, చర్మం లేనివాడు చెప్పడు. చెప్పకుండా ముందు సీట్లో కూర్చుంటే రెండో వీధిలోనే కాలు లేస్తుంది, ధబ్ మంటుంది, ఆవిడ ఆపుతుంది, వెనకెవడో హారన్ కొడతాడు, అప్పుడు ఎటు చూడాలి? వెనక కూర్చుంటే ఆవిడ వెళ్ళిపోతుంది, ఇవాళ ఒక్కరోజే కాదు, ఆ గొంతు ఒక్కరోజు గొంతు కాదు. చెప్తే పదకొండేళ్ళు చెప్పాలి, ఆరు పేజీలు చెప్పాలి. గోడ అవతల గలగల ఆగింది. లేవబోయాడు, థెరపిస్టు అరచేత్తో వెనక్కి పడుకోబెట్టి, అమ్మగార్ని నేనే లోపలికి రమ్మన్నాను సార్ అన్నాడు, ఇంట్లో రోజూ పది నిమిషాలు ఎవరైనా నొక్కాలి, ఒకసారి చూపించేస్తే సరి.

ఆవిడ వచ్చి, చేతులు తుడుచుకుని, చూపించిన చోట బొటనవేలు పెట్టింది.

"తాడులా తగుల్తోందా అమ్మా?"

"తగిలింది."

"నెమ్మదిగా దించి ఆగండి. అదే వదుల్తుంది. అది వదిలేదాకా మీరు వదలకూడదు. తొందరపడితే లాభం లేదు."

"అలవాటేనండి నాకు."

థెరపిస్టు మెడనొప్పి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. బొటనవేలు దిగింది. అతను పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

"నీ పరీక్ష రోజు."

"ఊఁ."

"కుక్క దగ్గర."

"ఊఁ."

"చప్పుడు చేసింది నా కాలు."

వేలు కదల్లేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చప్పుడైనప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"మాట్లాడకూడదన్నారు."

"ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చుగా."

"ఇంటికొచ్చాక బ్రేకు ఎలా వేయాలో మీరు నాకు వారం రోజులు చెప్పారు. నాకు సందు దొరకలేదు. పక్క ఊరి ఇన్‌స్పెక్టరు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఎంత హాయిగా నడిపానో."

అతనికి చాలా వచ్చాయి నోటిదాకా, ఆరు పేజీల మాట, పంతులమ్మ మాట, రొట్టెల కొట్టాయన సైకిలు మాట, అన్నీ ఒకేసారి రావడంతో ఏదీ బయటికి రాలేదు, చివరికి వచ్చింది మాత్రం, "మూడో కూడలి దాకా నీకు ఒక్క మార్కు కూడా పోలేదు, నేను పెన్ను మూత కూడా తీయలేదు," అని. ఇది ఆవిడకి తెలీదు. ఇది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. బొటనవేలు ఉన్నట్టుండి ఇంకో అరంగుళం కిందికి దిగింది, ఆవిడ నొక్కిందా కండే దారిచ్చిందా అతనికి అర్థం కాలేదు.

"వదిలింది," అంది ఆవిడ, చెయ్యి తీసి తువ్వాలుతో నూనె తుడిచి. "లేవండి. బూట్లు వేసుకోకండి."

"ఉత్త కాళ్ళతోనా?"

"ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి."

ప్యాంటు వేసుకుని బూట్లు చేత్తో పట్టుకుని బయట గదిలోంచి నడిచాడు, కుర్చీల్లో ఉన్న నలుగురూ చూశారు, అందులో ఒకడికి పోయినేడు తొమ్మిదో వరసలో ఎనిమిది వేసినట్టు గుర్తొచ్చింది, తల వంచి నమస్కారం పెట్టాడు, వాడు కంగారుపడి లేచి నిలబడ్డాడు. మోకాలు మెట్లు దిగింది, పూర్తిగా కాదు, ఒక్కో మెట్టు ఒప్పుకుంటూ దిగింది. ముందు తలుపు తీసి ఎక్కాడు. బూట్లు ఒళ్ళో పెట్టుకుంటే అట్ట లేని లోటు కాస్త తీరింది. ఆవిడ అద్దం చూసుకుని సూచన ఇచ్చి రోడ్డు మీదికి తీసింది.

"సోమవారం ఆఫీసులో చెప్తాను," అన్నాడు. "పేర్లన్నీ తీయించి, అందరికీ ఉత్తరాలు రాయాలి. మళ్ళీ రమ్మని."

"ముందు ఇంటికి చేరనివ్వండి."

కూడలి దగ్గరకొస్తుండగా ముందున్న బస్సు ఆగడానికి ఇంకా చాలా దూరం ఉండగానే అతని కాలు లేచింది, చాప మీద పడింది, వేళ్ళు ముడుచుకునేదాకా నొక్కింది. కారు ఆగలేదు. తన వేగాన తను వెళ్ళింది, నెమ్మదించింది, బస్సుకి రెండు బారల దూరంలో ఊగకుండా నిలబడింది.

"నొక్కారా?" అంది ఆవిడ, ఎదురుగా చూస్తూనే.

"నొక్కాను."

"నాకు వినపడలేదు," అని, బస్సు కదలగానే గేరు వేసింది.